థార్, రాక్స్, జిమ్నీ, గూర్ఖా: ఏ చిరాకుతో కాపురం చేయగలరు?

ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందే బండి) కొనాలనుకునేవాళ్లు షోరూమ్ గడప తొక్కేముందు నెలల తరబడి వీడియోలు చూస్తారు. ఏ బండి ఎంత నిటారు గట్టు ఎక్కింది, ఏది ఎంత లోతు నీళ్లలో దిగింది అని లెక్కలు వేస్తారు. నిజం చెప్పాలంటే మనం వెళ్లే దారులకు మహీంద్రా థార్, థార్ రాక్స్, మారుతి జిమ్నీ, ఫోర్స్ గూర్ఖా నాలుగూ చాలు, ఇంకా మిగులుతాయి కూడా. మారేడుమిల్లి పైన గుడిస కొండకు ఎక్కే రాళ్ల దారి కానీ, పల్నాడులో వాన పడ్డ డొంక కానీ, కైకలూరు వైపు చేపల చెరువు గట్లు కానీ, సరైన టైర్లు, కాస్త ఓపిక ఉంటే వీటిలో ఏదైనా వెళ్లొస్తుంది.

తేడా అంతా మిగతా రోజుల్లో తెలుస్తుంది. ఆఫీసు, పిల్లల స్కూలు, పెళ్లిళ్లు, సెల్లార్ పార్కింగ్, పెట్రోలు బంకు. ఈ రోజుల్లో ఒక్కో బండి ఒక్కో రకంగా విసిగిస్తుంది. కాబట్టి ఏది దేంతో విసిగిస్తుందో ముందే తెలుసుకుని, అందులో మీరూ మీ ఇంట్లోవాళ్లూ ఓర్చుకోగలిగింది ఎంచుకోండి. నేను నడిపేది ఏ బండో చెప్పను. చెబితే మిగతా మూడింటి గురించి రాసింది ఎవరూ నమ్మరు.

ముందు తేల్చుకోవాల్సినవి

అన్నిటికంటే ముందు, వెనక సీట్లో ఎవరు కూర్చుంటారు? త్రీ డోర్ థార్‌లో వెనక్కి ఎక్కాలంటే ముందు సీటు మడిచి, ఆ సందులోంచి వంగి దూరాలి. కాలేజీ కుర్రాళ్లకు ఇది సరదా. చీర కట్టుకున్న అరవై ఏళ్ల అత్తయ్యకు కాదు. ఒక చేత్తో కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, ఇంకో చేత్తో ముందు సీటు పట్టుకుని, కాలు ఎక్కడ పెట్టాలో వెతుక్కుంటూ ఉంటుంది. వెనక మనం “జాగ్రత్త అత్తయ్యా, తల, తల” అంటూనే ఉంటాం. దిగేటప్పుడు ఇంకా కష్టం, ఎందుకంటే కింద నేల కనపడదు. రెండుసార్లు ఇలా జరిగాక మూడోసారి ఆవిడ ఆటోలో వస్తానంటుంది.

రెండోది, మీరు తిరిగే మట్టి. నల్లరేగడిలో అయితే టైరే దేవుడు. తొలి వాన పడ్డాక ఆ మట్టి టైరు గాళ్లలో నిండిపోయి, నాలుగు చక్రాలూ నున్నటి డ్రమ్ముల్లా తిరుగుతాయి. అప్పుడు ఫోర్ బై ఫోర్ ఉన్నా, మామూలు రోడ్డు టైరు ఉంటే దిగబడక తప్పదు. లంక ఊళ్ల ఇసుకలోనూ, సూర్యలంక లాంటి తీరాల్లోనూ బండి బరువు తక్కువుంటే మేలు. అక్కడ టైర్లలో గాలి పదిహేను, పద్దెనిమిది పీఎస్‌ఐ దాకా దించుకోవాలి, తిరిగి రోడ్డెక్కగానే నింపుకోవాలి. చిన్న ఎయిర్ పంపు లేకుండా ఇసుకలోకి వెళ్లకండి. అన్నట్టు, మన తీరంలో శీతాకాలం నుంచి ఎండలు ముదిరేదాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి. బీచ్ మీద బండి తోలడం పోలీసుల కన్నా వాటికే పెద్ద ఇబ్బంది.

మూడోది, రోజూ తారు రోడ్డు మీద ఎంత దూరం, ఒక్కో ట్రిప్ ఎంతసేపు? డీజిల్ వైపు చూస్తున్నవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. బీఎస్ 6 డీజిల్ ఇంజన్ల సైలెన్సర్ దారిలో మసిని పట్టుకునే ఫిల్టర్ ఉంటుంది. దాన్ని డీపీఎఫ్ అంటారు. ఆ మసి కాలిపోవాలంటే ఇంజన్ బాగా వేడెక్కి కాసేపు ఒకే వేగంతో నడవాలి. రోజూ నాలుగు కిలోమీటర్లు వెళ్లి, ట్రాఫిక్‌లో ఆగి, ఇంటికొచ్చి కట్టేస్తే ఫిల్టర్ నిండిపోతుంది, డ్యాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది, ఇక సర్వీసు సెంటర్ చుట్టూ తిరగాలి. వారానికోసారైనా ఔటర్ రింగ్ రోడ్డో, హైవేనో ఎక్కించే వీలున్నవాళ్లకే డీజిల్.

పార్కింగ్, మెకానిక్ సంగతి కూడా చూసుకోండి. ఈ నాలుగింటికీ స్టెప్నీ వెనక తలుపు మీదే ఉంటుంది, తలుపు పక్కకి తెరుచుకుంటుంది. అపార్ట్‌మెంట్‌లో గోడకు ఆనించి పెట్టే అలవాటుంటే డిక్కీ తెరుచుకోదు. సామాను దించాలంటే బండి ముందుకు తీయాలి, వెనకున్నవాడు హారన్ కొడతాడు.

| | థార్ త్రీ డోర్ | థార్ రాక్స్ | జిమ్నీ | గూర్ఖా ఫైవ్ డోర్ |
|---|---|---|---|---|
| సీట్లు | 4 | 5 | 4 | 7 |
| ఫోర్ బై ఫోర్‌లో ఇంజన్ | 2.0 పెట్రోల్ లేదా 2.2 డీజిల్ | 2.2 డీజిల్ ఒక్కటే | 1.5 పెట్రోల్ | 2.6 డీజిల్ |
| గేర్లు | మాన్యువల్, ఆటోమేటిక్ | మాన్యువల్, ఆటోమేటిక్ | మాన్యువల్, పాతకాలపు 4 గేర్ల ఆటోమేటిక్ | మాన్యువల్ మాత్రమే |
| పొడవు (మి.మీ.) | 3,985 | 4,428 | 3,985 | 4,390 |
| ఎత్తు సుమారుగా (మీటర్లు) | 1.85 | 1.92 | 1.72 | 2.1 |
| ట్యాంకు (లీటర్లు) | 57 | 57 | 40 | 63.5 |
| డిఫరెన్షియల్ లాక్ (ఒక చక్రం జారినా అదే ఇరుసు మీది రెండో చక్రం లాగేలా చేసేది) | వెనక, వేరియంట్‌ను బట్టి | వెనక, ఎలక్ట్రానిక్ | లేదు, బ్రేకులతో సర్దుకుంటుంది | ముందూ వెనకా రెండూ |

థార్ త్రీ డోర్: మనసుతో కొనే బండి

ఇప్పుడున్న థార్ 2020 అక్టోబర్ 2న వచ్చింది. అంతకుముందున్న థార్‌తో పోలిస్తే ఇది అసలైన కారు. గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్టులో 4 స్టార్లు తెచ్చుకుంది. 226 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్ ఉంది, 650 మిల్లీమీటర్ల నీళ్లలో దిగగలదని కంపెనీ చెబుతుంది. గుంతలు పడ్డ కంకర రోడ్డు మీద పక్కన సెడాన్లు పాముల్లా మెలికలు తిరుగుతుంటే మనం తిన్నగా వెళ్లిపోవడంలో ఉండే సుఖం ఒక్కసారి అలవాటైతే మళ్లీ చిన్న కారు ఎక్కబుద్ధి కాదు.

విసిగించేది వెనక సీటే. ఎక్కే బాధ చెప్పుకున్నాం. ఎక్కాక గతుకులకు ఎగరేస్తుంది కూడా, ఎందుకంటే వీల్‌బేస్ (ముందు వెనక చక్రాల మధ్య దూరం) చిన్నది, వెనక కూర్చునేవాళ్లు దాదాపు ఇరుసు మీదే ఉంటారు. వెనక సీటు నిలబెట్టి ఉంటే డిక్కీలో రెండు బ్యాగులు పడితే గొప్ప. సెకండ్ హ్యాండ్‌లో సాఫ్ట్ టాప్ (గుడ్డ పైకప్పు) చూస్తున్నవాళ్లకు ఒక మాట: మే నెలలో విజయవాడలో మిట్టమధ్యాహ్నం ఆగి ఉన్న బండిలోకి ఎక్కి చూసి, ఆ తర్వాతే నిర్ణయించుకోండి. హార్డ్ టాపే మన ఎండకు సరైనది.

ఖర్చు విషయానికొస్తే, పెట్రోల్ ఆటోమేటిక్ నడపడానికి హాయిగా ఉంటుంది కానీ సిటీలో లీటరుకు ఎనిమిది, తొమ్మిది వస్తే సంతోషించాలి. డీజిల్ అంతకంటే నయం, పైగా కొండెక్కేటప్పుడు తక్కువ వేగంలో లాగే బలం దానిదే.

థార్‌లోనే 1.5 డీజిల్ రియర్ వీల్ డ్రైవ్ ఒకటి ఉంది. బయటికి అదే థార్, కానీ ఫోర్ బై ఫోర్ కాదు. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ మారాక ఇలాంటి చిన్న ఇంజన్ బండ్లకు 18 శాతమే, పెద్ద ఇంజన్లున్న ఫోర్ బై ఫోర్ థార్‌లకు 40 శాతం. అందుకే ధరలో అంత తేడా. రూపం నచ్చి కొనేవాళ్లకు అది నిజాయితీ గల ఎంపికే. ఎప్పుడూ మట్టి తొక్కనివాళ్లు వాడని ఫోర్ లో (నాలుగు చక్రాలూ నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే గేరు) లీవర్ కోసం లక్షలు పోయడంలో అర్థం లేదు. కాకపోతే దాన్ని తీసుకుని స్నేహితులతో ఏరులో దిగకండి.

జిమ్నీ: చిన్నదని చులకన చేసినవాళ్లే నోరు వెళ్లబెట్టిన బండి

2023 జూన్‌లో అమ్మకానికి వచ్చింది. అప్పుడందరూ థార్ ధరకు దీన్నెవరు కొంటారన్నారు. అమ్మకాలు కూడా ఆ మాటనే బలపరిచాయి. కానీ మట్టిలో దిగితే దీని సంగతి వేరు. నిచ్చెన ఛాసిస్, ముందూ వెనకా గట్టి ఇరుసు, లో రేంజ్ గేరు, అన్నీ ఉండి కూడా బరువు దాదాపు 1,200 కిలోలే. ఇసుకలోనూ బురదలోనూ బరువే సగం శత్రువు. రెండు టన్నుల బండి కూరుకుపోయే చోట ఇది పైపైన పాకిపోతుంది. దిగబడినా నలుగురు మనుషులు తోస్తే బయటికొస్తుంది. మిగతా మూడింటికీ ట్రాక్టరే దిక్కు.

వెడల్పు 1,645 మిల్లీమీటర్లే. చెరువు గట్టు మీదో, కోనసీమ కొబ్బరి తోటల మధ్యో, ఊళ్లో రెండు అరుగుల సందులోనో వెళ్లేటప్పుడు ఇది ఎంత మేలో థార్ నడిపినవాళ్లకు తెలుస్తుంది. ఎదురుగా బండి వస్తే వెనక్కి తీసుకోవాల్సింది ఎప్పుడూ పెద్ద బండివాడే.

రోడ్డు మీద మాత్రం ఓపిక కావాలి. 105 పీఎస్ ఇంజన్, నలుగురు మనుషులు, ఏసీ, ముందు లారీ, ఎదురుగా బస్సు. ఓవర్‌టేక్‌కి మామూలు కన్నా ఎక్కువ ఖాళీ చూసుకోవాలి. ట్యాంకు 40 లీటర్లే కాబట్టి అరకు వైపు వెళ్లేటప్పుడు బంకు కనపడితే నింపుకోవడమే మంచిది. కంపెనీ వేసిచ్చే టైర్లు రోడ్డు టైర్లు. నల్లరేగడిలో తిరిగేవాళ్లు మొదటి వానకు ముందే ఆల్ టెర్రైన్ టైర్లకు మారాలి, ఆ డబ్బు కూడా ధరలో కలిపి లెక్కేసుకోండి.

ఇంకో విచిత్రం. నాలుగు మీటర్ల లోపు బండే అయినా, పెట్రోల్ ఇంజన్ 1,200 సీసీ దాటింది కాబట్టి జిమ్నీకి జీఎస్టీ 40 శాతమే. చిన్న బండికి పెద్ద బండి పన్ను.

చిన్న చిన్న ఊళ్లలో కూడా మారుతి మెకానిక్ దొరుకుతాడన్నది దీని అసలు బలం. టెన్షన్ లేని బండి కావాలనుకునేవాళ్లకు ఇదే.

థార్ రాక్స్: ఇంట్లో ఓటింగ్ పెడితే గెలిచేది

2024 ఆగస్టులో వచ్చిన ఫైవ్ డోర్ థార్ ఇది. అత్తయ్య సమస్యకు మహీంద్రా ఇచ్చిన జవాబు అనుకోవచ్చు. ఐదుగురు హాయిగా కూర్చుంటారు, డిక్కీలో సూట్‌కేసులు పడతాయి, భారత్ ఎన్‌క్యాప్‌లో 5 స్టార్లు. హైవే మీద త్రీ డోర్‌కీ దీనికీ పోలికే లేదు. గతుకుల్లో మనిషిని పక్కలకు ఊపడం మాత్రం దీనికీ ఉంది. వాంతులయ్యే పిల్లలుంటే ఘాట్ రోడ్డు మీద టెస్ట్ డ్రైవ్ అడగండి.

కొనేటప్పుడు జాగ్రత్తపడాల్సింది ఒకటే. ఫోర్ బై ఫోర్ కావాలంటే డీజిల్‌లోనే దొరుకుతుంది, అదీ కొన్ని వేరియంట్లలోనే. పెట్రోల్ రాక్స్ అంతా వెనక చక్రాలతో నడిచేదే. బుకింగ్ ఫారం మీద ఆ మాట రాసి ఉందో లేదో చూసుకోకుండా సంతకం పెట్టొద్దు. మొదట్లో వచ్చిన తెల్ల సీట్ల మీద జనం గోల చేశాక ముదురు రంగు లోపలి భాగం కూడా ఇచ్చారు. నల్లరేగడి దేశంలో ఉంటూ తెల్ల సీట్లు తీసుకునేవాళ్ల ధైర్యానికి దండం.

త్రీ డోర్ కన్నా వీల్‌బేస్ పొడుగు కాబట్టి గట్టు శిఖరం దాటేటప్పుడు పొట్ట తగిలే అవకాశం ఎక్కువ, ఇరుకు మలుపుల్లో రెండోసారి వెనక్కి తీయాల్సి వస్తుంది. అడవి దారుల్లో ఇది తెలుస్తుంది. నెలకోసారి మట్టి దారి పట్టే కుటుంబానికి పెద్దగా తెలియదు.

గూర్ఖా: పనివాడు, కానీ మాటకారి కాదు

ముందూ వెనకా మెకానికల్ డిఫ్ లాకులు, కంపెనీ నుంచే స్నార్కెల్ (ఇంజన్‌కు పైనుంచి గాలి అందించే గొట్టం), 700 మిల్లీమీటర్ల నీటి లోతు. కాగితం మీద దీన్ని కొట్టేది ఈ నాలుగింటిలో లేదు. ఒక చక్రం గాల్లో, ఒకటి బురదలో ఉన్నా మిగతావి లాగుతూనే ఉంటాయి. ఫైవ్ డోర్‌లో ఏడుగురు కూర్చోవచ్చు.

సిటీలో ఇది బరువైన బండి. స్టీరింగ్, గేర్లు అన్నీ నెమ్మది. ఆటోమేటిక్ లేదు, ఎయిర్‌బ్యాగులు రెండే. ఎత్తు దాదాపు 2.1 మీటర్లు కాబట్టి మీ సెల్లార్ బీమ్ ఎత్తు టేపుతో కొలిచాకే బుక్ చేయండి. డీలర్లు పెద్ద ఊళ్లలోనే ఉంటారు. కాకపోతే ఇంజన్ ట్రావెలర్ వ్యాన్ల కుటుంబానిదే, అంబులెన్సులు, టెంపో ట్రావెలర్లు బాగుచేసే మెకానిక్ దీని ఇంజన్ చూసి కంగారు పడడు.

ఇంట్లో ఇంకో కారు ఉండి, దీన్ని ఊళ్లు తిరగడానికి మాత్రమే వాడేవాళ్లకు గూర్ఖా అద్భుతం. ఉన్న ఒక్క కారూ ఇదే అయితే రెండో నెలలోనే ఇంట్లో మాట పడుతుంది.

ఏది కొన్నా తప్పనివి

బురద. వెళ్లొచ్చిన మర్నాడు హైవే మీద ఎనభై దాటగానే స్టీరింగ్ వణుకుతుంది. చాలామంది అలైన్‌మెంట్ పోయిందనో, ఏదో విరిగిందనో హడలిపోయి షెడ్డుకు పరుగెత్తుతారు. నిజానికి రిమ్ము లోపలి వైపు గుప్పెడు నల్లమట్టి ఎండి అతుక్కుని ఉంటుంది. చక్రం బ్యాలెన్స్ తప్పుతుంది, అంతే. ముందు ప్రెషర్ వాటర్‌తో నాలుగు చక్రాల లోపలి వైపూ కడిగించి చూడండి, తర్వాతే డబ్బు ఖర్చు పెట్టండి. మామూలు కార్ వాష్ కుర్రాడు పైన మెరిపించి వదిలేస్తాడు, కిందా లోపలా కడగమని నిలబడి చెప్పాలి.

ఎండిన తారు రోడ్డు మీద ఫోర్ హై (మామూలు వేగంలో నాలుగు చక్రాలూ లాగే గేరు) వేసి తోలొద్దు. ఈ బండ్లలో ముందు వెనక ఇరుసుల మధ్య తేడా సర్దే ఏర్పాటు లేదు. మలుపు తిరిగేటప్పుడు బండి బిగుసుకుపోయినట్టు అనిపిస్తుంది, బలాన్ని రెండు ఇరుసులకూ పంచే ట్రాన్స్‌ఫర్ కేసు మీద ఒత్తిడి పడుతుంది. అలాగని ఏడాదంతా టూ హైలోనే (రెండు చక్రాలే లాగే గేరు) ఉంచడమూ మంచిది కాదు. నెలకోసారి మట్టి నేల మీద ఫోర్ హై, ఫోర్ లో వేసి కాస్త దూరం తోలితే లోపలి భాగాలకు ఆయిల్ అందుతుంది, అవసరానికి లీవర్ మొరాయించదు.

నీళ్ల లోతు అంకెలు నిలిచిన నీటికి. పారే వాగుకు కాదు. మోకాలి లోతు ప్రవాహం కూడా బండిని చప్టా మీంచి పక్కకు తోసేస్తుంది, ఏటా వానాకాలం వార్తల్లో చూస్తూనే ఉన్నాం. ఇంకా, ఇంజన్‌లోకి నీళ్లు పోయి పాడైతే మామూలు బీమా ఇవ్వదు, ఇంజన్ ప్రొటెక్షన్ కవర్ విడిగా తీసుకోవాలి.

అలంకరణల పిచ్చికి కూడా కళ్లెం అవసరం. ముందు బిగించే క్రాష్ గార్డులు చట్టవిరుద్ధమని కేంద్రం 2017లోనే చెప్పింది. అద్దాలకు నల్ల ఫిల్మ్ వద్దని 2012లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. వైర్లు కత్తిరించి అదనపు లైట్లు పెట్టిస్తే వారంటీ పోయే ప్రమాదం ఉంది. ఆ డబ్బుతో మంచి టైర్లు, లాగే స్ట్రాప్, పార, ఎయిర్ పంపు కొనుక్కోండి.

సరదా సంగతి కూడా చెప్పాలి. చలికాలం పాడేరు వైపు మంచులో తెల్లవారుజామున కిటికీ దించి వెళ్లడం, దిగబడిన పక్కవాడి కారుకు మన స్ట్రాప్ తగిలించి లాగడం, అతనిచ్చే టీ. అయితే పేరున్న చోట్లన్నిటికీ మన బండి వెళ్తుందనుకోకండి. వంజంగిలో చివరికి నడవాల్సిందే. శ్రీశైలం దారిలో మన్ననూరు నుంచి అమ్రాబాద్ అడవి గుండా రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు ఎవరినీ వదలరు, ఏ డిఫ్ లాక్ ఉన్నా సరే.

మరి ఎవరికి ఏది?

హైదరాబాద్‌లో ఉద్యోగం, ఇద్దరే మనుషులు, ఆఫీసు పది కిలోమీటర్ల లోపు అయితే జిమ్నీ. కాస్త దర్జా కావాలి, బంకు బిల్లు పట్టించుకోనంటే థార్ పెట్రోల్. ఈ వాడకానికి డీజిల్ జోలికి పోవద్దు.

అమ్మానాన్న, ఇద్దరు పిల్లలు, ఏడాదికి నాలుగైదు సార్లు సొంతూరు: రాక్స్. ఊరి ఇంటి దాకా సిమెంటు రోడ్డే ఉంటే రియర్ వీల్ డ్రైవ్ చాలు. చివరి రెండు కిలోమీటర్లు నల్లరేగడి అయితే డీజిల్ ఫోర్ బై ఫోర్.

ఆక్వా రైతులు కూడా ఏది కొనాలని అడుగుతుంటారు కాబట్టి సూటిగా చెబుతాను. గట్లు తనిఖీ చేయడానికైతే జిమ్నీ. మేత బస్తాలు కూడా వేయాలంటే ఈ నాలుగింటిలో ఏదీ వద్దు, బొలెరో క్యాంపర్ ఫోర్ వీల్ డ్రైవ్ చూడండి. అందం తక్కువైనా రెండు పనులూ చేస్తుంది.

సెకండ్ హ్యాండ్‌లో 2020కి ముందు థార్ చూస్తున్నవాళ్లు ధర చూసి తొందరపడొద్దు. వెనక కమాను పట్టీల బండి అది, ఎయిర్‌బ్యాగులు లేవు. కింద పడుకుని ఛాసిస్ తుప్పు చూడండి. ఫోర్ లో వేయించి కొంత దూరం తోలండి, లీవర్ పడకపోయినా, కూత లాంటి శబ్దం వచ్చినా బేరం ఆపేయండి. సీటు కింద మ్యాట్ ఎత్తి తడి ఉందేమో చూడండి. సాఫ్ట్ టాప్ కారే బండికి ఆ మ్యాటే సాక్ష్యం.

కొత్తది కొనేవాళ్లు టెస్ట్ డ్రైవ్‌కు అత్తయ్యనో అమ్మనో తీసుకెళ్లి, వెనక సీట్లో ఎక్కించి దించండి. ఫోర్ లో వేసి చూపించమని సేల్స్ కుర్రాణ్ని అడగండి. చాలాచోట్ల అతనికీ రాదు, అప్పుడు సర్వీసు మెకానిక్‌ని పిలిపించమనండి, అతని ఫోన్ నంబర్ తీసుకోండి. రేపు పొలంలో దిగబడితే ఫోన్ ఎత్తేది అతనే.